చౌక టాబు: వెలయు విలువయు

గడచిన సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెఱచిన వారములో ఒకనాటి సాయంకాలము, కడపటి గంట మ్రోగిన పిదప, తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె తన తల్లిని వెంటబెట్టుకొని మా గదికి వచ్చెను. వారిది రేపల్లె వైపు పల్లె. తండ్రి పొరుగూరిలో భవన నిర్మాణపు పనులలో నుండును. తల్లి నాట్లకును, కోతలకును, మినుము తీతలకును కూలికి పోవును. ఆమె కొంగుముడి విప్పి తొమ్మిది వేల రూపాయలు బల్లమీద నుంచి, "మాస్టారూ, చీటీ పాడుకొన్నాను. అమ్మాయికి ఈ డబ్బుతో టాబు కొనమంటారా, వద్దంటారా? మీరెట్లా చెబితే అట్లా చేస్తాను" అని యడిగెను.

ఆ పూట మేము జవాబీయలేకపోతిమి. ఆ తొమ్మిది వేలు ఎన్ని దినముల కూలి యగునో మనస్సులో లెక్క గట్టుచుండగా నోట మాట రాలేదు. "నాలుగు రోజులు ఆగండమ్మా, ఆలోచించి చెబుతాము" అని పంపితిమి. ఈ ప్రశ్న ఆ తల్లి యొక్కతెదే కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఏ తలిదండ్రుల సమావేశమున కూర్చున్నను ఇదే ప్రశ్న వినవచ్చుచున్నది. కావున ఆ నాలుగు దినములలో మేము ఆలోచించినదియు, అటుపిమ్మట తెలిసికొన్నదియు ఈ సంచికలో వ్రాయుచున్నాము.

టాబు అను మాటకు మూలమైన ఆంగ్లపదమునకు పలక యనియే యర్థము. పేరు తగియే యున్నది. అది చేతిలో నిముడు గాజుపలక. ఫోనుకంటె పెద్దది, కంప్యూటరుకంటె చిన్నది. మా చిన్ననాటి రాతిపలకకు కఱ్ఱచట్ర ముండెడిది. బొగ్గును ఆకుపసరును కలిపి రుద్దినచో నల్లగా నిగనిగలాడెడిది. బలపము తప్ప దానికి వేఱు వ్యయము లేదు. క్రిందపడి పగిలినను, ఆ ముక్కమీదనే తమ్ముడు అ ఆలు దిద్దుకొనెడివాడు. తెనాలి నుండి రేపల్లె పోవు రైలుమార్గమున భట్టిప్రోలు కలదు గదా! అచ్చటి స్తూపమున 1892లో బయటపడిన రాతి కరండములమీది అక్షరములు క్రీస్తుపూర్వము నాటివి. రెండువేల యేండ్లు దాటినను పండితులు వానిని చదువుచునే యున్నారు. మన గాజుపలక మూడేండ్లు నిలిచినచో దుకాణదారు దానిని గొప్పగా చెప్పుకొనుచున్నాడు.

ఏలయన, గాజుపలకకు కరెంటు కావలెను. పాఠము కావలెను. ఆ పాఠము లోనికి వచ్చుటకు నెట్టు కావలెను. పగిలినచో మరమ్మతు కావలెను. రెండు మూడేండ్లకొకసారి లోపలి వ్యవస్థకు క్రొత్త సవరణలు రావలెను. టాబు వెల డబ్బామీద అచ్చువేయబడి యుండును. తక్కిన ఖర్చులు ఇంటికి వచ్చిన తరువాత ఒక్కొక్కటిగా బయటపడును. కొనబోవు తలిదండ్రులు "ఇది ఎంత?" అని యడుగుటతో నిలువక, "మూడవ యేట ఇది నా బిడ్డ చేతిలో ఏమి చేయుచుండును?" అని యడుగవలెనని మా యభిప్రాయము. ఈ ప్రశ్నను చేతబట్టుకొని జరిగిన కథలను చూతము.

చౌక టాబు అనగానే మా యీడువారికి జ్ఞప్తికి వచ్చు పేరు ఆకాశ్. 2011వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన నాటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ గారు దానిని ఢిల్లీలో విడుదల చేసిరి. డేటావిండ్ అను సంస్థ దానిని సిద్ధపఱచినది. తొలి పలకలు మన హైదరాబాదులోనే కూర్చబడినవి. ప్రభుత్వమునకు పడిన వెల 2,276 రూపాయలు. విద్యార్థికి 1,750 రూపాయలకే అందింపవలెనని సంకల్పము. ప్రపంచములో నింత చౌకయైన టాబు లేదని పత్రికలన్నియు వ్రాసినవి. దానికి ఏడంగుళముల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్ ఉండెను. తెర మెత్తని స్పర్శకు పలుకునది కాదు. గోటితో నొక్కవలసి వచ్చెడిది. బ్యాటరీ చిన్నది, రెండు మూడు గంటలు మించి నడచుట కష్టము. మఱుసటి యేడు నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు రెండవ ఆకాశ్‌ను విడుదల చేసిరి. దానిలో వేగమును, ర్యామును పెంచి, మెత్తని స్పర్శకు పలుకు తెరను అమర్చిరి. ఐనను దేశములోని బిడ్డలందఱి చేతికిని చేరవలెనన్న ఆశ తీరకయే ఆ పథకము చల్లబడిపోయెను.

ఆకాశ్‌ను ఎగతాళి చేయువారిలో మేము చేరము. పేదవాని బిడ్డకును తెర కావలెనని బిగ్గరగా అడిగిన ప్రయత్నమది. కాని వెల తగ్గించినపుడు ఆ తగ్గింపు ఎక్కడో ఒకచోట నుండి రావలెను గదా. ఆకాశ్‌లో నది పిల్లవాని వ్రేలి నుండియు, బ్యాటరీ నుండియు వచ్చినది. నేటి చౌక టాబులలోను అట్లే యేదో మూల కోత పడియే యుండును. ఆ మూల యేదో కొనకముందే కనిపెట్టుట కొనువాని పని.

ఇక మన ఇంటి ముంగిట జరిగిన కథ. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా చుండూరు మండలములోని యడ్లపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, నాటి ముఖ్యమంత్రి వై.యస్. జగన్మోహన్ రెడ్డి గారు ఎనిమిదవ తరగతి పిల్లలకు టాబుల పంపిణీ ప్రారంభించిరి. యడ్లపల్లి మనకు దూరపు ఊరు కాదు. తెనాలివారికి కూతవేటు దూరమే యనవచ్చును. ఆ విడతలో ప్రభుత్వము ప్రకటించిన లెక్కలివి: 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు, మొత్తము 5,18,740 టాబులు, వెల 686 కోట్ల రూపాయలు. మన తొమ్మిదవ తరగతి పిల్లలు భాగహారము చేసి చూచినచో ఒక్కొక్క టాబునకు 13,200 రూపాయలకు పైబడి వచ్చును. ఒక్కసారిగా ఐదు లక్షలు కొనువానికే ఆ వెల పడినప్పుడు, ఒక్కటి కొనువానికి ఐదువేలకే "అదే సరకు" దొరకునని యెవరైన చెప్పినచో అనుమానింపవలసినదే.

అవి సామ్‌సంగ్ సంస్థ చేసిన 8.7 అంగుళముల టాబులు. బైజూస్ సంస్థ పాఠములను ముందుగానే వానిలో నింపి యిచ్చిరి. నెట్టు లేకున్నను పాఠము తెఱచుకొనును. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు మూడింటికి పనికివచ్చునట్లు మూడేండ్ల హామీ యిచ్చిరి. ఈ రెండు ఏర్పాటులు నిజముగా మెచ్చదగినవి. మఱుసటి యేడు అదే తేదీన చింతపల్లిలో రెండవ విడత పంపిణీ మొదలైనది. ఆ తరువాత 2024 జూలై 16న బెంగుళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థపై దివాలా విచారణకు అనుమతించెను. పలక చేసినది ఒకరు, పాఠము చేసినది మఱొకరు, పంచినది వేఱొకరు. ఒకచోట దెబ్బ తగిలినచో, పాఠమును సవరించువారెవరు, క్రొత్త పాఠ్యపుస్తకమునకు తగినట్లు మార్చువారెవరు అను ప్రశ్న తప్పక పుట్టును. పాఠములకై వేలకు వేలు చందా కట్టుమని ఇంటికి వచ్చి చెప్పు ప్రతినిధులను నమ్ముటకు ముందు తలిదండ్రులు ఈ తేదీని తలచుకొనుట మంచిది.

మేము చెప్పుచున్న బాలిక పెదతల్లి కుమార్తెకు ఆ మొదటి విడతలోనే టాబు వచ్చినది. మా బాలిక సెలవులలో అక్క యింటికి పోయి, గుండెలో రక్తము ఒక గది నుండి మఱొక గదికి పోవు విధము కదలుబొమ్మగా చూచెను. మేము నల్లబల్లమీద రంగు సుద్దలతో ఎన్నిసార్లు వ్రాసినను బోధపడనిది ఆమెకు నాలుగు నిమిషములలో బోధపడినది. మాకు కొంచెము చిన్నతనముగా నుండినను నిజము చెప్పవలెను గదా. కోరిక పుట్టినది అక్కడ. అది ఆటలకొఱకు పుట్టిన కోరిక కాదు.

పరదేశపు అనుభవము కూడ కొంత కలదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము పల్లెబడుల పిల్లలకు తలకొక చిన్న కంప్యూటరు చొప్పున పంచినది. 319 పల్లెబడులలో జరిపిన పరిశీలన ఫలితములు 2012లో వెలువడినవి. సుమారు పదునైదు మాసముల తరువాత చూడగా లెక్కలలో గాని, భాషలో గాని పిల్లల మార్కులు పెరిగిన జాడ లేదు. సామాన్య ఆలోచనాశక్తిలో మాత్రము కొంత మేలు కనబడెను. దీనికి భిన్నముగా, మన ఢిల్లీలో బడి విడిచిన తరువాత నడచు కేంద్రములలో 619 మంది పిల్లలపై జరిగిన మఱొక పరిశీలన 2019లో ప్రచురింపబడినది. అక్కడి కంప్యూటరు పాఠము పిల్లవాని తరగతిని చూడక, వాడు నిజముగా ఎంతవఱకు నేర్చెనో చూచి అక్కడినుండి మొదలు పెట్టును. ఏడవ తరగతివానికి భాగహారము రాకున్నచో భాగహారమే చెప్పును. దినమునకు నలుబదియైదు నిమిషములు తెర, మఱి నలుబదియైదు నిమిషములు చిన్నజట్టుగా కూర్చుండబెట్టి చెప్పు మనిషి. నాలుగున్నర మాసములలోనే లెక్కలలోను, హిందీలోను మంచి వృద్ధి కనబడినది. పెరూలో యంత్రమును పంచిరి. ఢిల్లీలో పాఠమును పిల్లవాని మెట్టుకు దించి, ప్రక్కన ఒకరు కూర్చుండిరి. ఈ భేదమును మేము మా ఉపాధ్యాయ సోదరులకు ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము.

ఇప్పుడు దుకాణమునకు పోదము. నేడు ఆఱేడు వేలు మొదలు పండ్రెండు వేల వఱకు గల టాబులను చౌక టాబులనవచ్చును. దుకాణదారు మొదట చెప్పునది ర్యామ్, తరువాత జీబీ. ఈ రెండును ఒకటే యని తలిదండ్రులు తఱచు పొరబడుదురు. ర్యామ్ చదువుకొను బల్ల వంటిది. నిలువచోటు పుస్తకముల బీరువా వంటిది. బీరువా ఎంత పెద్దదైనను, బల్ల ఇఱుకైనచో రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన తెఱచి పెట్టలేము. రెండు జీబీ ర్యామ్ గల టాబు నేటి అప్లికేషనుల బరువునకు ఆగి ఆగి నడచును. నాలుగు జీబీ కనీసమని మేము తలంచుచున్నాము. కొన్ని టాబుల డబ్బాలమీద "ఎనిమిది జీబీ వఱకు" అని పెద్ద అక్షరములతో నుండును. క్రింద చీమతలకాయ వంటి అక్షరములలో చూచినచో అసలు ర్యామ్ నాలుగే. తక్కినది బీరువాలో కొంతచోటు అరువు తెచ్చుకొన్నది. అరువు బల్ల అసలు బల్ల కాదు. నిలువచోటు 32 జీబీ యని చెప్పిన టాబులో మంచి భాగము దాని సొంత వ్యవస్థయే ఆక్రమించును. మెమొరీ కార్డు పెట్టుకొను సందున్నచో ఆ కొఱత తీరును.

తెర సంగతి కొంచెము నిదానించి చెప్పవలెను. ఇది తెలుగు పిల్లలకు ప్రత్యేకముగా తగులు సంగతి. తెరను మూలనుండి మూలకు కొలుతురు. అనగా అది దీర్ఘచతురస్రపు కర్ణము. సాధారణముగా మనము ప్రశ్నపత్రములు అచ్చువేయించు ఏ-ఫోర్ కాగితము 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు. పైథాగరసు సూత్రము తెలిసినవారు లెక్కించినచో దాని కర్ణము 36 సెంటీమీటర్లకు పైగా, అనగా 14 అంగుళములకు పైగా వచ్చును. అట్టి పుటను 8 అంగుళముల తెరలో ఇమిడ్చినచో ప్రతి అక్షరమును సగము కంటె కొంచెమే పెద్దదిగా మిగులును. ఆంగ్లాక్షరములు అంతవఱకు ఓర్చుకొనును. మన అక్షరమునకు క్రింద వత్తు, పైన గుడి, ప్రక్కన సున్న. "స్త్రీ" అను ఒక్క మాటను ఆ కొలతలో చదువుమని పిల్లవానికి ఇచ్చి చూడుడు. తెర నాణ్యము తక్కువదైనచో వత్తులు అలుకుకొనిపోవును. పిల్లవాడు తెరను ముక్కునకు దగ్గఱగా తెచ్చుకొనును. అక్కడినుండి కంటి కథ మొదలగును. కావున దుకాణములో రంగురంగుల సినిమా పాట చూపినపుడు మెచ్చుకొనక, మన రాష్ట్రపు తెలుగు వాచకములో ఒక పుటను తెఱపించి, వెలుతురులోనికి తెచ్చి చదివి చూడవలెను. మన పాఠ్యపుస్తకములు ఉచితముగానే ప్రభుత్వపు వెబ్సైటులో దొరకును. ఎడమపుట ఆంగ్లము, కుడిపుట తెలుగుగా నున్న ద్విభాషా పుస్తకములైనచో టాబులో ఒక్కొక్క పుటగానే చూడవలెను. రెండు పుటలు ఒకేసారి చూడబోయినచో ఏదియు కనబడదు.

లోపలి వ్యవస్థ పేరు ఆండ్రాయిడ్. అది ఏ సంవత్సరపుదో, ఇంకను ఎన్నేండ్లు భద్రతా సవరణలు వచ్చునో అడుగవలెను. అడిగినచో దుకాణములో చాలమంది మన ముఖము వంక వింతగా చూతురు, ఐనను అడుగుడు. మాకు ఇందులో చేదు అనుభవమున్నది. 2021లో బడులు తెరలపై నడచుచున్న కాలమున, మేము ఒక ఊరి దుకాణములో పేరు వినని టాబును ఐదువేలలోపు వెలకు కొంటిమి. ఏడాది తిరుగకమునుపే క్రొత్త అప్లికేషనులు అందులో ఎక్కుట మానినవి. రెండవ వేసవిలో వెనుక అట్ట ఒకప్రక్క లేచినది. ఏమా యని చూడగా బ్యాటరీ ఉబ్బినది. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదకరము. దానిని గ్రుచ్చరాదు, ఛార్జింగు పెట్టరాదు. మరమ్మతుకు పోగా, ఈ రకమునకు బ్యాటరీ దొరకదనిరి. ఐదువేలు మిగులు ననుకొన్నది ఐదువేలు పోయినది. పాతవస్తువుగా అమ్మకమునకు వచ్చు టాబుల విషయమునను ఇదే చిక్కు. లోని బ్యాటరీ వయస్సు మనకు తెలియదు.

నెట్టు ఖర్చు వేఱు. సిమ్ము పెట్టుకొను టాబు కొంచెము వెల యెక్కువ. వైఫై మాత్రమే యున్నది తక్కువ. సిమ్ము ఉన్నదానికి నెలనెలా రీఛార్జి కావలెను. ఏడాది రీఛార్జిని కూడినచో టాబు వెలలో మంచి భాగమే తేలును. అందుచేత పల్లెలోని ఇంటికి వైఫై టాబే చాలునని మేము చెప్పుదుము. ఇంట తండ్రి ఫోను ఉన్నపుడు దానిద్వారా గాని, బడిలో గాని పాఠములను ఒకసారి దింపుకొని, తరువాత నెట్టు లేకయే చదువవచ్చును. ప్రభుత్వపు దీక్షా అప్లికేషనులో పాఠములు ఉచితము; దింపుకొని దాచుకొనవచ్చును. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను సైతము నెట్టు లేకుండ చదువు మార్గము కలదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గఱనే తీరము దాటినపుడు మన ప్రాంతమున కరెంటును, సిగ్నలును ఎట్లు పోయినవో పిల్లలకు జ్ఞాపకమున్నది. నెట్టు మీద మాత్రమే బ్రతుకు పాఠము అట్టి దినములలో గాలికి పోవును. లోపల దాచుకొన్న పాఠము ఛార్జింగు ఉన్నంతసేపు నిలుచును. అటుపిమ్మట అచ్చు పుస్తకమే దిక్కు. ఆ పుస్తకమును తడవకుండ అటకమీద పెట్టినవారే ఆ వారము చదివిరి.

టాబువలన కలుగు కీడును దాచి మాట్లాడుట న్యాయము కాదు. పాఠము చూచు తెరమీదనే ఆటయు, చిన్న చిన్న వీడియోలును ఒక్క తాకు దూరమున నుండును. పెద్దవారమైన మేమే ఒక శబ్దార్థము కొఱకు తెఱచి, అరగంట తరువాత క్రికెట్టు చూచుచు దొరకిపోయిన సందర్భములు కలవు. పిల్లలను నిందించుటకు ముందు ఇది ఒప్పుకొనవలెను. గూగుల్ ఫ్యామిలీ లింక్ వంటి ఉచిత తాళములతో ఏ అప్లికేషను ఎంతసేపు నడువవలెనో తలిదండ్రులు నిర్ణయింపవచ్చును. కాని తాళముచెవి పిల్లవానికే బాగుగా తెలిసిన ఇండ్లు మనలో ఎక్కువ. తల్లికి చేతనగునట్లు ఒక పూట బడిలో నేర్పుట మా బాధ్యత యని యిపుడు తోచుచున్నది. కంటికొఱకు ఇరువది నిమిషములకొకసారి తల యెత్తి, ఇరువది అడుగుల దూరపు వస్తువును కొంతసేపు చూడవలెనని వైద్యులు చెప్పుదురు. మఱొకటి కూడ చెప్పవలెను: పదవ తరగతి పరీక్ష నేటికిని కాగితముమీద, కలముతో. తెరమీద పాఠము చూచినపుడు అంతయు వచ్చినట్లే తోచును. కాగితము ముందు పెట్టినపుడు చేయి కదలదు. చూచుట వేఱు, వచ్చుట వేఱు.

నాలుగవ దినమున తల్లియు, కుమార్తెయు మఱల వచ్చిరి. మేము లెక్క వ్రాసిన కాగితము చూపి, ఈ యేడు కొనవద్దనియు, ఆ డబ్బు ఇంటరు చదువునకు దాచుమనియు, బడి గ్రంథాలయమున నున్న టాబును సాయంకాలము గంటసేపు చూచుకొనవచ్చుననియు చెప్పితిమి. తల్లి సరే యన్నది. బాలిక కొంతసేపు నేలచూపు చూచి, పిదప మెల్లగా ఇట్లనెను: "సాయంత్రం గంట ఉంటే మా ఊరికి ఆటో దొరకదండీ. మినుము తీతలప్పుడు పదిరోజులు అమ్మతో పొలానికి వెళ్లాను, అప్పుడు పోయిన పాఠాలు ఎవరు చెబుతారండీ? మీరు మాత్రం పాఠం చెప్పేముందు మీ టాబులో చూసుకొనే వస్తారు గదండీ."

మేము నివ్వెఱపోతిమి. బడి హాజరుపట్టీలో ఆ పదిదినములు మేమే ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టి, తల్లికి చీటి పంపి యుంటిమి. ఆ పదిదినముల పాఠము మఱల ఎవరు చెప్పవలెనో ఆలోచింపలేదు. మా లెక్కలో టాబు ఖర్చు అంతయు వ్రాసితిమి, టాబు లేని ఖర్చు వ్రాయలేదు. ఇంట ఒక్కటే ఫోను. అది తండ్రితో పొరుగూరికి పోవును. రాత్రి ఎనిమిది గంటలకు ఆ యింట చదువుకొను బిడ్డకు సందేహము వచ్చినచో అడుగుటకు మనిషి లేడు. తల్లికి సంతకము మాత్రమే వచ్చును. అట్టి ఇంట గాజుపలక విలాసవస్తువు కాదని ఒప్పుకొని, మా సలహాను వెనుకకు తీసికొంటిమి. పట్నములో రెండు ఫోనులు, ఒక కంప్యూటరు ఉన్న ఇంటివారు అదే ప్రశ్న అడిగినచో మాత్రము, వద్దనియే ఇప్పటికిని చెప్పుదుము.

ఆ శనివారము వారితో కూడ తెనాలికి పోయితిమి. మూడు దుకాణములు తిరిగితిమి. మొదటి రెండింట దుకాణదారులు వాచకపు పుట తెఱచుటకు విసుగుకొనిరి. మూడవచోట ఒక కుఱ్ఱవాడు ఓపికతో తెఱచి చూపెను. నాలుగు జీబీ ర్యామ్, అరువది నాలుగు జీబీ నిలువ, కార్డు సందు, వైఫై మాత్రమే. పేరున్న సంస్థది, మరమ్మతు కేంద్రము గుంటూరులో ఉన్నది. వెల తొమ్మిది వేలు దాటినది. మిగిలిన ఆఱువందలు ఆ తల్లి జాకెట్టులోని చిన్న సంచినుండి తీసి యిచ్చెను. గట్టి అట్టతొడుగు ఇంకొక మూడువందలు. అది లేనిదే ఇంటికి తీసికొనిపోవలదని మేమే పట్టుపట్టి కొనిపించితిమి.

ఇప్పటికి ఐదు నెలలు గడచినవి. రీఛార్జి పడలేదు. సోమవారమునాడు బడి వైఫైతో వారమునకు కావలసిన పాఠములు దింపుకొని పోవుచున్నది. ఆదివారము ఒక గంట తమ్మునికి ఆట. ఆ గంటకై వాడు వారమంతయు నీళ్లు తోడుచున్నాడట. వేసవిలో ఒకసారి అట్టతొడుగుతో సహా మెట్లమీద పడినది గాని పగులలేదు. విద్యుత్తు పాఠములోని నిరోధముల లెక్కలు ఆమె తెరమీద చూచి, పిమ్మట నోటుపుస్తకములో చేసి మాకు చూపుచున్నది. మొన్న చూపిన పదింటిలో మూడు తప్పులు. ఆ మూడు మేము నల్లబల్లమీద చెప్పితిమి. తీతల కాలమున పొలమునకు పోవు పిల్లలు మఱి ఎందఱున్నారో హాజరుపట్టీలో ఇప్పుడు వెదకుచున్నాము. తొమ్మిదవ తరగతిలోనే ఏడుగురు తేలిరి.